వెనక నడిచి చూసిన కాళ్లు

గుర్రం కొనడానికి వచ్చినవాడు ముందు నోరు తెరిపించి పళ్లు చూస్తాడు. తర్వాత నుదుటి మీద, మెడ మీద, ఛాతీ మీద సుడులు వెతుకుతాడు. ఏ సుడి కలిసొస్తుంది, ఏ సుడి యజమానిని మింగుతుంది అని పక్కనున్న పెద్దమనిషిని అడుగుతాడు. ఒళ్లంతా తెల్లగా ఉందా, ఎక్కడైనా మచ్చ ఉందా అని చుట్టూ తిరుగుతాడు. తిరుగుతూ తిరుగుతూ తోక దగ్గరికి వచ్చేసరికి తన్నుతుందన్న భయంతో దూరంగా జరిగిపోతాడు. చూడవలసింది అక్కడే. అక్కడే ఎవరూ నిలబడరు.

నా పేరు లచ్చమ్మ. సంతకం పెట్టడం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుని చదవడం వచ్చు. అంతకు మించి చదువు లేదు. నేను చెప్తుంటే మా అక్క మనవరాలు రాస్తోంది. వరంగల్ స్టేషన్ అవతల శివనగర్‌లో మా అత్తగారిల్లు. మా మామ జట్కా తోలేవాడు. జట్కాలు పోయి ఆటోలు వచ్చాక మా ఆయన కొమురయ్య పెండ్లి బరాత్‌లకు గుర్రాన్ని తిప్పాడు. ఆయన పోయాక నేను తిప్పాను. ఇప్పుడు మా కొట్టంలో గుర్రం లేదు.

ఈ మధ్య హనుమకొండలో, వరంగల్‌లో పిలగాళ్లు చాలామంది ఈ పనిలోకి దిగుతున్నారు. బరాత్‌కు గుర్రం, ఫొటోలకు గుర్రం, పుట్టినరోజుకు గుర్రం. ఎవరో నా నంబరు ఇస్తే ఫోన్ చేస్తారు. ఉలవలు ఎన్ని పెట్టాలి, తెల్లగా మెరవాలంటే ఏం రుద్దాలి అని అడుగుతారు. వెనక కాలి సంగతి ఒక్కడూ అడగడు. అడగకపోయినా చెప్తున్నాను. వినేవాళ్లు వినండి.

మోకాలు అనుకునేది మోకాలు కాదు

గుర్రం వెనక కాలికి మధ్యలో, వెనకవైపు మొనదేలి ఒక కీలు ఉంటుంది. అందరూ దాన్ని మోకాలు అంటారు. నేనూ అట్లాగే అనుకునేదాన్ని. పశువుల దవాఖాన డాక్టరమ్మ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, నా మడమ పట్టుకుని చెప్పింది, "గుర్రానికి గా కీలు అంటే గీ మడమనే. అది ఎప్పుడూ మునివేళ్ల మీదనే నిలబడుతది, అందుకే మడమ గంత పైకి ఉన్నది" అని. ఇక ఆలోచించండి. మునివేళ్ల మీద నిలబడి, ఇంకో మనిషిని మోస్తూ, సిమెంటు రోడ్డు మీద బ్యాండుకు ఎగరమంటే మీ మడమ ఎన్నాళ్లు ఉంటుంది?

ఆ కీలు ఒక ఎముక కాదు. చిన్న చిన్న ఎముకలు ఇటుకలు పేర్చినట్టు ఉంటాయి. పైవరుస బాగా కదులుతుంది, కింది వరుసలు కొద్దిగానే కదులుతాయి. అరిగేది ఎక్కువగా కింది వరుసలే. అక్కడ అరిగితే పైకి వాపు కనబడదు. అదే కష్టం.

వాతలు

మా మామ జట్కా గుర్రానికి ఈ మడమ మొన మీద కొబ్బరికాయంత వాపు వచ్చింది. నేను కొత్త కోడలిని. ఆ వాపు చూస్తే నాకు అన్నం సహించలేదు. మామ మాత్రం కుంటు లేదు కదా అని దాన్ని పట్టించుకోలేదు. ఆయన అన్నది నిజమే, ఆ వాపుకు గుర్రం కుంటలేదు. కొట్టంలో బండలు పరిచి ఉన్నాయి. పడుకుని లేచేటప్పుడు మడమ మొన బండకు కొట్టుకుని ఉబ్బింది. మా అత్త కొత్తవాడకు పోయి, జంపఖానాలు నేసే ఇండ్లలో పారేసే నూలు పీచు మూటలు మూటలు తెచ్చి, వరిపొట్టు మీద పరిచింది. పొద్దున సాయంత్రం చన్నీళ్లు పోసింది. వాపు పూర్తిగా పోలేదు, తోలుసంచిలా మిగిలింది. కానీ గుర్రం దానితోనే బతికినన్నాళ్లు బండి లాగింది.

దాని తర్వాతి గుర్రానికి వాపు లేదు, ఏమీ లేదు. పొద్దున బండి కట్టగానే కుంటేది, స్టేషన్ దాకా పోయేసరికి బాగయ్యేది. మామ దాన్ని బద్ధకం అన్నాడు. కొరడా తీశాడు. తర్వాత కుంటడం ఎక్కువైతే ఇనుప చువ్వ ఎర్రగా కాల్చి మడమకు గీతలు గీతలుగా వాతలు పెట్టాడు. ఆ వాసన నాకు ఇప్పటికీ గుర్తే. పుండ్లు మానేదాకా గుర్రాన్ని కట్టేసి ఉంచాడు కాబట్టి నొప్పి తగ్గింది. "సూసినవా, వాతకు తగ్గింది" అన్నాడు. వాతకు కాదు, పనిలేక నిలబడినందుకు తగ్గింది. బండి కట్టగానే మళ్లీ మొదలైంది. మా మామ మంచివాడే. గుర్రం తినకముందు తాను తినేవాడు కాదు. కానీ ఈ ఒక్క విషయంలో ఆయన చేసింది పాపం. ఇప్పటికీ వాతలు పెట్టేవాళ్లు ఉన్నారు. ఎవరైనా చువ్వ కాలుస్తుంటే ఆ గుర్రాన్ని విప్పుకుని వచ్చేయండి.

పెద్దగా కనబడే వాపుకు భయపడి, కనబడని నొప్పిని బద్ధకం అనుకోవడం. మా వాళ్లు చేసే మొదటి తప్పు ఇది.

పుట్టుకతోనే ఆడే గుర్రం

రెండో తప్పు మా ఆయన చేశాడు. ఆయన ఒక్కడే కాదు, పెండ్లి గుర్రాలు తిప్పేవాళ్లం అందరం చేస్తాం. మరెవరూ చేయరు.

చమేలిని ఆయన వేరే రాష్ట్రం సంతలో కొన్నాడు. కొనగానే ఫోన్ చేశాడు. గొంతులో సంబరం పట్టలేనంత ఉంది.

"లచ్చీ, దీనికి ఎవ్వడు నేర్పలేదట. డప్పు కొట్టంగనే ఎనక కాలు కడుపుదాక ఎత్తుతాంది. పుట్టుకతోటే ఆడుతాంది!"

"ముసలిదా?"

"ముసలిది గాదు, ముద్దుగున్నది. నీ లెక్క గాదు."

లారీలోంచి దిగేటప్పుడు చూశాను. నిజంగానే, పాల మీద మీగడలా ఉంది. లారీకి ఆనించిన చెక్క పలక మీదినుంచి వెనక్కి అడుగు వేసేటప్పుడు కుడి వెనక కాలు టక్కున పైకి లేచి, పొట్టకు తగిలినంత పని చేసి, దబ్బున నేల మీద పడింది. వీధిలో పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వాను.

బ్యాండు, లైట్లు, గుర్రం, డెకరేషన్ అన్నీ మాట్లాడిపెట్టే రాజలింగం సేటు అని ఒకాయన ఉండేవాడు. బజారులో పెద్ద దుకాణం. ఆయన పిలిస్తేనే మాకు పని. చమేలిని చూసి ఆయన కుర్చీలోంచి లేచాడు. అంతకుముందు మేం ఎన్నిసార్లు పోయినా లేచిన మనిషి కాదు.

"కొమురయ్యా, ఇది గుర్రం గాదురా, లక్ష్మి. ఇగ నువ్వు ఎనకకు సూసుకునే పనే లేదు."

అట్లాగే నడిచింది. చమేలి అడుగు వేస్తే పెండ్లికొడుకు దోస్తులు ఈలలు వేసేవాళ్లు. అది చాలదని మా ఆయన ఇంకోటి నేర్పాడు. ఫంక్షన్‌హాల్ గేటు ముందు ముందరి కాళ్లు రెండూ ఎత్తి నిలబడటం. ఫొటోలకు అదే కావాలి. దాని బరువు, మీద పెండ్లికొడుకు బరువు, అన్నీ ఆ రెండు మడమల మీద.

ఆయనకు గుర్రమంటే ప్రేమ లేక కాదు. కళ్లెం పట్టుకునేవాడు గుర్రానికి ఎదురుగా నిలబడి వెనక్కి నడుస్తాడు. చమేలి కళ్లలోకి చూస్తూ, దాని పేరు పిలుస్తూ నడిచేవాడు. ఆయన చూసింది ముఖమే. కళ్లు, చెవులు, జూలు. వెనక కాలు ఏం చేస్తోందో ఈలలను బట్టి తెలుసుకునేవాడు.

కిడ్నీలు చెడి మంచం పట్టాక నాతో అన్న చివరి మాటల్లో ఇదొకటి. "చమేలిని అమ్మకే. అది ఆడుతాన్నన్ని రోజులు నీకు బువ్వకు ఫికర్ లేదు."

ముందు నడవద్దన్నారు

ఆయన పోయాక నెల మాసికం కాగానే నేనే కళ్లెం పట్టుకుని పోయాను. మాకు పిల్లలు లేరు. ఎవరొస్తారు? శాయంపేట దగ్గర పెండ్లి. పెండ్లికొడుకు ఎక్కాడు. బ్యాండు మొదలైంది. అప్పుడు వాళ్ల నాయనమ్మ నన్ను చూసింది.

"ఎవలామె? నొసట బొట్టు లేదు. మా పిలగానికి ఎదురుంగ నిలబెట్టిండ్రేంది? జరుపుండ్రి ముంగట!"

బ్యాండు ఆగింది. సేటు పరుగున వచ్చి నా చెవిలో చెప్పాడు.

"లచ్చక్కా, జర ఎనకకు పో. నాకేం పట్టింపు లేదు, ఆ ముసల్ది ఊకుంటలేదు."

"గుర్రం నాది సేటూ."

"గుర్రం నీదే, పెండ్లి ఆళ్లది గదనే!"

కళ్లెం నాకు తోడుగా వచ్చిన మా మరిది సారయ్య చేతికి ఇచ్చాను. నేను తట్ట, చీపురు పట్టుకుని గుర్రం వెనక నడిచాను, లద్దె ఎత్తుకుంటూ. ఆ రోజు నాకు ఏడుపు వచ్చింది. అబద్ధం చెప్పను, చానా రోజులు వచ్చింది. తర్వాత ఏడుపు ఆగి, కళ్లకు ఎదురుగా ఉన్నది కనబడటం మొదలైంది. అప్పటినుంచి ప్రతి పెండ్లిలో ఆ రెండు వెనక కాళ్లను తప్ప నేను చూసింది లేదు.

కుడి కాలు ఎగరడం అందరూ చూసేదే. నేను ఎడమ కాలు చూశాను. కుడి కాలు గాలిలో ఉన్నంతసేపు ఎడమది వణికేది. తన వంతు వచ్చినప్పుడు పూర్తిగా లేవకుండా గిట్ట కొనను నేలకు రాసుకుంటూ ముందుకు పోయేది. బ్యాండువాళ్లు ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు ఆ రాపిడి చప్పుడు వినబడేది. లాడం ముందు అంచు అరిగి కత్తిలా అయింది. వెనకనుంచి చూస్తే ఎడమ తుంటి కుడి తుంటికంటే ఎక్కువ లేచి పడుతోంది. కొట్టంలోంచి తీసేటప్పుడు ఎక్కువ, ఫంక్షన్‌హాల్ చేరేసరికి తక్కువ. మా మామ బద్ధకం అన్న గుర్రం కూడా అంతే కదా అనిపించింది.

ఇంకొకటి. కొట్టంలో దాణా తొట్టి దగ్గర వెనక్కి జరపాలన్నా కుడి కాలు అట్లాగే ఎగిరేది. అక్కడ డప్పు లేదు, బ్యాండు లేదు, చూసేవాడు లేడు. నేనొక్కదాన్నే. డప్పు లేకుండా కూడా ఆడేది ఆట ఎట్లా అవుతుంది? మర్నాడే సారయ్యను వెంటబెట్టుకుని చమేలిని పశువుల దవాఖానకు తీసుకుపోయాను.

మడిచి, పట్టి, పరుగెత్తించి

పశువుల దవాఖాన డాక్టరమ్మ వయసులో చిన్నది. మొదటే చెప్పింది, "నా దగ్గరికి బర్రెలు, మేకలే ఎక్కువ వస్తయమ్మా, గుర్రాలు తక్కువ. తెలిసింది చెప్త. తెల్వంది మా సారును అడిగి చెప్త." నాకు నచ్చింది. అన్నీ తెలుసన్నవాళ్లను మా మామ కాలంనుంచి చూస్తూనే ఉన్నాను.

ఆమె చేసింది చెప్తాను, మీరు నేర్చుకోండి. ముందు గుర్రాన్ని సమంగా ఉన్న నేల మీద నిలబెట్టి, వెనకనుంచి రెండు మడమలనూ పక్కపక్కన పోల్చి చూసింది. అరచేతి వెనక భాగంతో రెండింటినీ తాకి ఏది వేడిగా ఉందో చూసింది. తర్వాత సారయ్యతో తిన్నగా నడిపించింది, వెనక్కి జరిపించింది, చిన్న గుండ్రంలో తిప్పించింది. ఆఖరుకు ఎడమ వెనక కాలు ఎత్తి, మడమ బాగా ముడుచుకునేటట్టు పొట్టకిందికి మడిచి అట్లాగే పట్టుకుంది. కాసేపయ్యాక వదిలి, "ఉరికించు, ఆపకు!" అని అరిచింది.

సారయ్య పరుగెత్తాడు. చమేలి మొదటి అడుగుల్లోనే ఎడమ కాలు నేలకు ఆనించలేక కుంటింది. చెట్టుకింద మేకలు పట్టుకుని కూర్చున్నవాళ్లు కూడా "అయ్యో" అన్నారు.

"నొప్పి ఈ కాలుకు," అంది డాక్టరమ్మ. "లోపల కీలు అరుగుతాంది. ఎక్స్‌రే తీపియ్యాలె. కుడి కాలు ఎగురుతాంది సూడండి, అది వేరే రోగం. కాలు దానంతటదే ముడుసుకుంటది. దాని చేతుల లేదు."

"మేడం, గట్లనకుండ్రి," అన్నాడు సారయ్య. "దీని ఆటకు మస్తు గిరాకున్నది."

ఆమె మా ఇద్దరి ముఖాలు చూసింది. "దీన్ని ఆట అంటాన్నరా?"

నేను చమేలి కుడి కాలు వైపు చూశాను.

ఎక్స్‌రేలో కీలు కింది వరుస ఎముకల అంచులు కొరికిన బిస్కెట్‌లా ఉన్నాయి. ఆమె తన సారుతో ఫోన్‌లో మాట్లాడి, వైద్యం చెప్పింది. అరిగింది మళ్లీ పెరగదు. నొప్పి తగ్గించవచ్చు, అరుగుడు ఆపవచ్చు. మెత్తటి నేల మీద కొన్ని నెలలు విశ్రాంతి. మొదట కదలకుండా, తర్వాత రోజూ కొంచెం నడక. గిట్ట కొన తగ్గించి, లాడం ముందు అంచు గుండ్రంగా కొట్టించి, గిట్ట వెనకవైపు కొద్దిగా ఎత్తు. నొప్పి మందు కొలత ప్రకారం, కడుపు నిండాకే, ఎక్కువిస్తే లోపల పుండ్లు పడతాయి. కీలులోకి సూది ఒకటి. సిమెంటు రోడ్డు వద్దు. ముందరి కాళ్లు ఎత్తి నిలబడటం ఇక ఈ జన్మలో వద్దు. కుడి కాలు ఎగురుడుకు హైదరాబాద్‌లో పక్కనున్న నరంలాంటి దాన్ని కోసే ఆపరేషన్ ఉందట. కానీ రెండో కాలు ఇంత అరిగాక దానితో పెద్ద లాభం ఉండదని వాళ్ల సారు అన్నాడు. ఆమె అది కూడా దాచకుండా చెప్పింది.

ఒక మాట గట్టిగా చెప్పింది. "మందు ఇచ్చి పనికి తీస్కపోకుండ్రి. నొప్పి తెల్వకుంటే అది కాలును కాపాడుకోదు. తొందరగ ఇరుగుతది."

ముహూర్తాల ముందు

రాజలింగం సేటు గల్లాపెట్టె వెనకనుంచి విని, చేతులు రెండూ జోడించాడు.

"ముహూర్తాలు ముంగట పెట్టుకొని రెస్టు ఏందే లచ్చక్కా? అది గుర్రమా, గవర్నమెంటు నౌకరా?"

"కాలు నొస్తాంది సేటూ."

"నాకు నడుం నొస్తాంది. దుకాణం బంద్ పెట్టిన్నా? ఒక గోలీ ఏస్తున్న, కూసుంటాన్న. దానికి గూడ ఒక గోలీ ఎయ్యి."

"గోలీ ఏస్తే ఇరుగుతదంటాంది డాక్టరమ్మ."

"ఇరిగినంక సూద్దాం. ఇరగకముందే ఏడుసుడేంది?"

సేటు చెడ్డవాడని నేను అనను. మా ఆయన దవాఖానలో ఉన్నప్పుడు అన్నం పంపించాడు. ఆయన వ్యాపారంలో గుర్రం కూడా జనరేటర్‌లాంటిదే. నడిచినన్నాళ్లు నడుస్తుంది, ఆగితే ఇంకోటి తెస్తారు. మీరు ఎవరి దగ్గర పని చేసినా ఈ మాట గుర్తుంచుకోండి. గుర్రం కాలు గురించి సేటును సలహా అడగవద్దు.

సారయ్యకూ నాకూ ఇంట్లో గొడవ అయింది. వాడికి ఇద్దరు ఆడపిల్లలు. వాతలు పెట్టిద్దాం అన్నాడు. వద్దన్నాను. మందు ఇచ్చి ఈ సీజన్ ఒక్కటి గట్టెక్కిద్దాం అన్నాడు. వద్దన్నాను.

"మా అన్న ఏమన్నడు వదినా? ఆడుతాన్నన్ని రోజులు అన్నం పెడతదన్నడు. నువ్వు దాని ఆట బంద్ చేపిస్తాన్నవ్."

"మీ అన్న ముంగట నడిసిండు సారయ్యా. నేను ఎనక నడిసిన."

చమేలిని హసన్‌పర్తిలో మా బావ పొలానికి పంపించాను. చెరువు కింది మెత్తటి నేల. పొద్దున బస్సులో పోయేదాన్ని, సాయంత్రం వచ్చేదాన్ని. నెలలు గడిచేకొద్దీ ఎడమ కాలు అడుగు పొడుగైంది. గిట్ట రాసుకోవడం తగ్గింది. గుర్రం పక్కకు తిరిగేటప్పుడు మాత్రమే కుడి కాలు ఎగిరేది. డాక్టరమ్మ వచ్చి చూసి, "ఇంత చాలమ్మా. ఇట్ల ఉంచుకోగలిగితే చాలు" అంది. ఉంచుకోవడమే కదా అసలు కష్టం.

కొనవచ్చినవాడు

సారయ్య ఒక రోజు హనుమకొండనుంచి ప్రవీణ్ అనే పిలగాణ్ని తీసుకొచ్చాడు. పెండ్లిళ్ల ముందు వీడియోలు తీస్తాడట. మంచి బట్టలు, మంచి మాట. నేను పొలానికి చేరేసరికి చమేలి ఒళ్లు చెమటతో తడిసి ఉంది. అతను రాకముందే సారయ్య దాన్ని చెరువు కట్ట మీద అటూ ఇటూ బాగా నడిపించాడన్నమాట. కీలు వేడెక్కితే కుంటు దాగుతుంది. గుర్రాలమ్మేవాళ్లందరికీ తెలిసిన సంగతే. మీరు కొనేటప్పుడు గుర్రం ఒళ్లు తడిగా ఉంటే, మళ్లీ ఆరేదాకా కూర్చోండి. చాయ్ తాగండి. తొందరపడవద్దు.

"అమ్మా, నడిపియ్యండి," అన్నాడు ప్రవీణ్, ఫోన్ పట్టుకుని.

"గాడ నిలబడితే ఏం కనబడది బిడ్డా. గిటు ఎనకకు రా."

సారయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. విదిలించుకున్నాను. ఎడమ కాలు అరుగుడు చూపించాను. మడిచి పట్టి, నడిపించి, కుంటు చూపించాను. కుడి కాలు ఎగిరేది ఆట కాదనీ, రోగమనీ చెప్పాను. అతను శ్రద్ధగానే విన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. బేరం పోయిందనుకున్నాను.

"అయితే అది ఎవరు నేర్పకున్నా దానంతట అదే ఎగురుతదన్నట్టు?"

"ఔ బిడ్డా. పాపం దాని చేతుల లేదు."

"మంచిదే గదమ్మా! నాకు గదే కావాలె. మాస్టర్ అక్కర లేదు, టైం వేస్ట్ గాదు. వీడియోల మస్తుంటది."

"కాలు పోతదంటాన్న కొడుకా."

"ఎన్ని రోజులొస్తది? ఒక్క సీజన్ వచ్చినా నాకు చాలు. మీరు ఫికర్ చెయ్యకుండ్రి, మంచిగనే సూస్కుంట."

నిజం చెప్తే కొనరని నేను అనుకున్నాను. నా బతుకంతా అట్లాగే అనుకున్నాను. నిజం విని, దాన్నే కొంటానన్నాడు. అతని ముఖంలో చెడ్డతనం ఏమీ లేదు. అదే చూసి నాకు భయం వేసింది.

తాడు నా చేతికి చుట్టుకున్నాను. "నేనియ్య," అన్నాను. "ఇగ పో బిడ్డా."

అతను పోయాక సారయ్య గట్టు మీద కూర్చుని తల పట్టుకున్నాడు. "రేపటిసంది మనం ఏం తినాలె వదినా? దీనికి దాణా ఏడికెళ్లి తెస్తవ్? నీకు ఆకలైతే గాని తెల్వది." మరుసటి రోజు కొట్టంలోంచి జీను, అద్దాల గుడ్డ, కుచ్చులు తన వంతుగా తీసుకుపోయాడు. నేను అడ్డం చెప్పలేదు. వాడన్నది తప్పు కాదు. సేటు మళ్లీ పిలవలేదు. నేను ఫంక్షన్‌హాల్‌లో గిన్నెలు కడిగే పనికి కుదిరాను. ఇప్పటికీ అదే పని. ఎంగిలి ఆకులు తీసేటప్పుడు బయట బరాత్ వస్తే గేటు దాకా పోయి చూసేదాన్ని. ఇప్పుడు పోవడం మానేశాను. ఎన్ని గుర్రాల వెనక కాళ్లని చూస్తాను?

మట్టి

బతికున్న గుర్రం ఎట్లా ఉందో తెలుసుకోవడానికి నేను నేర్చుకున్న ఆఖరు సంగతి ఇది. డాక్టరమ్మ కూడా నన్ను అడిగి ఒప్పుకుంది.

గుర్రం నిలబడి కునుకు తీస్తుంది. కానీ నిండుగా నిద్ర పోవాలంటే పడుకోవాల్సిందే. లేచేటప్పుడు ఒళ్లంతా ఈ రెండు మడమల మీదే ఎత్తుకోవాలి. మడమ నొస్తే, పడుకుంటే లేవలేనని దానికి తెలుస్తుంది. పడుకోవడం మానేస్తుంది. అందుకని పొద్దున పోగానే నేను ముందు చూసేది దాని డొక్క. డొక్కకు మట్టి అంటి ఉంటే రాత్రి పడుకుని నిద్రపోయిందని లెక్క. ఆ వానాకాలమంతా చమేలి డొక్కకు మట్టి ఉండేది. మా బావ నవ్వేవాడు, "మట్టి అంటితే గింత సంబురపడేటోళ్లను నిన్నే సూసిన మరదలా" అని.

చలికాలం రాగానే కీళ్లు పట్టేశాయి. ఒక పొద్దున డొక్క శుభ్రంగా ఉంది. తర్వాతి రోజూ అంతే. అట్లాగే రోజులు పోయాయి. డొక్క తెల్లగా, కడిగినట్టు ఉండేది. కళ్లు గుంతలు పడ్డాయి. నిలబడే తూలేది. మందు పెంచింది డాక్టరమ్మ. గడ్డి మందంగా పరిచాం, గోనె పట్టాలు కప్పాం, గోరువెచ్చని నీళ్ల కాపడం పెట్టాం. ఎడమ కాలు నేలకు ఆనడం మానేసింది. కుడి కాలు, ఎగిరే ఆ కాలే, మొత్తం బరువు మోసింది.

మా బావ పొద్దున్నే ఫోన్ చేశాడు. చమేలి పడుకుని ఉందన్నాడు. నేను పోయేసరికి పొలాలవాళ్లు తాళ్లు పట్టుకుని లేపుతున్నారు. డాక్టరమ్మ వచ్చి తాళ్లు తీయించింది. మోకాళ్ల మీద కూర్చుని రెండు మడమలూ పట్టి చూసింది. చాలాసేపు చూసింది.

"అమ్మా, ఇగ లేవది. బలవంతంగ లేపినా నిలబడది. నొప్పి లేకుంట పంపియ్యొచ్చు. మీరు చెప్పాలె."

మీకూ ఈ రోజు వస్తుంది. గుర్రాన్ని పెంచినవాడికి రాకుండా ఉండదు. అప్పుడు ఇంకో రోజు చూద్దాం అనవద్దు. ఆ ఇంకో రోజు గుర్రానిది కాదు, మీది. నేను సరే అన్నాను. దాని తల నా ఒళ్లో పెట్టుకున్నాను. సూది పడ్డాక ఊపిరి పెద్దగా ఒకటి వదిలింది. అంతే.

సారయ్య అప్పుడు వచ్చాడు. ఎవరు చెప్పారో తెలియదు. దాని వెనక కాళ్ల దగ్గర కూర్చుని మడమలు నిమిరాడు. మా బావ గుంత తవ్వించడానికి మనుషులను పిలవడానికి పోయాడు. కాసేపటికి సారయ్య లేచి బోరు దగ్గరనుంచి బకెట్‌లో నీళ్లు తెచ్చాడు.

"వదినా, కడుగుదామా? ఒళ్లంత మట్టైంది. గిట్ల పంపుడేంది దాన్ని."

చూశాను. డొక్క నిండా, తుంటి నిండా, మెడ దాకా మట్టి.

"ఉండనియ్ సారయ్యా," అన్నాను. "ఎన్ని రోజులకో పండుకున్నది."